ఊడిపోయిన లోపలి గోడ ప్లాస్టరింగ్‌ను తక్కువ ఖర్చుతో మనమే బాగుచేసుకోవడం ఎలా?

హాల్లోనో పడగ్గదిలోనో గోడ మీద జానెడు మేర ప్లాస్టరింగ్ ఊడిపోతే ఏం చేయాలో చాలామందికి పాలుపోదు. అంత చిన్న పనికి మేస్త్రి ఒక పట్టాన రాడు. వచ్చినా, గంట పనికి మేస్త్రికీ కూలీకీ కలిపి రోజు కూలి ఇవ్వాల్సి వస్తుంది. దాంతో పెయింటర్‌ని పిలిచి, ఊడిన చోట పుట్టీ దట్టించి, పైన రంగు వేయించేస్తారు. ఒక వానాకాలం గడిచేసరికి అక్కడే మళ్లీ పొక్కులు లేస్తాయి, మళ్లీ పెయింటర్, మళ్లీ పుట్టీ. గోడలోకి చెమ్మ ఎటు నుంచి వస్తోందో చూడకుండా పైపైన పూయడం వల్లే ఖర్చు పెరుగుతుంది. సిమెంటుకూ ఇసుకకూ అయ్యేది నిజానికి చాలా తక్కువ.

మూడడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు దాకా ఉన్న దెబ్బను ఓపిక ఉన్న ఎవరైనా బాగుచేసుకోవచ్చు. అంతకు మించితేనో, సీలింగ్ అయితేనో మేస్త్రికి వదిలేయడం మంచిది. పెద్ద గోడను సమంగా లాగడానికి చేతివాటం కావాలి, అది ఒక్క రోజులో రాదు.

ముందు నీటి జాడ పట్టుకోండి

ఊడిన చోటు ఎక్కడుందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది.

నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు గోడ పొడవునా రంగు పొట్టులా రాలుతూ, తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తే, అది భూమిలోంచి ఎక్కే చెమ్మ. బేస్‌మెంట్ మీద చెమ్మను ఆపే పొర, అంటే మేస్త్రీలు డీపీసీ అనేది, వేయని పాత ఇళ్లలో ఇది మామూలు. డీపీసీ ఉన్నా, బయట మట్టి పోసీ పోసీ గోడ పక్కన నేల ఎత్తు దాన్ని దాటితే ఫలితం అంతే. వీధి రోడ్డు ఎత్తు పెరిగిన ప్రతిసారీ ఇంటి చుట్టూ మట్టి నింపుకునే కాలనీల్లో ఈ బాధ ఎక్కువ.

బాత్రూమ్‌కి అవతలి వైపు గోడ పాడైతే అనుమానించాల్సింది పైపుల్ని, టైల్స్ మధ్య సందుల్ని, నేల మీద నీళ్లు బయటికి పోయే తూములోని నహానీ ట్రాప్‌ని. రాత్రి ఇంట్లో ఎవరూ నీళ్లు వాడనప్పుడు నీళ్ల మీటర్ తిరుగుతుంటేనో, ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టం తగ్గుతుంటేనో పైపు లీకు ఉన్నట్టే. మట్టం తగ్గకపోయినా, స్నానాలు చేసిన రోజు మాత్రం మచ్చ ముదురుతుంటే టైల్స్ సందుల్లోంచో ట్రాప్ చుట్టూనో దిగుతోందన్నమాట. గ్రౌటింగ్ పౌడర్ కొని ఆ సందులు పూడిస్తే కొన్నిసార్లు అక్కడితోనే సమస్య తీరిపోతుంది.

గోడ పైభాగంలో, స్లాబ్ కలిసే చోట మచ్చలుంటే డాబా మీదికెళ్లి చూడండి. వాన నీళ్లు దిగే గొట్టం మూతి దగ్గర ఆకులు అడ్డుపడటం, పిట్టగోడ మొదట్లో పగులు, ఈ రెండే ఎక్కువగా కనిపిస్తాయి. వాన జల్లు కొట్టే వైపు బయటి గోడకు సన్నటి పగుళ్లున్నా నీళ్లు లోపలికి వస్తాయి.

కారణం తేలకపోతే ఒక పరీక్ష ఉంది. పొడిగా కనిపించే గోడ మీద అడుగు చదరం పాలిథిన్ కవర్ పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒకటి రెండు రోజుల తర్వాత చూడండి. కవర్ లోపలి వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. కవర్ పైన, గది వైపున తేమ ఉంటే అది గదిలో గాలి ఆడకపోవడం వల్ల వచ్చింది. మొదటిదైతే లీకు ఆపేదాకా, గోడ ఆరేదాకా ప్లాస్టరింగ్ జోలికి పోవద్దు. ఈ మాట వినడానికి విసుగ్గా ఉన్నా, మిగతా పనంతా నిలిచేది దీని మీదే.

చెమ్మ లేకుండా ఊడిన గోడలూ ఉంటాయి. తలుపు గట్టిగా కొట్టుకుని ద్వారబంధం పక్కన పగలడం, మేకులు కొట్టి పెచ్చులు లేపడం, కరెంటు పైపు కోసం గాడి కొట్టి సరిగా పూడ్చకపోవడం, ఇటుక గోడా కాంక్రీట్ పిల్లరూ కలిసే చోట నిలువునా గీత పడటం ఇలాంటివే. వీటిని వెంటనే మొదలుపెట్టవచ్చు.

మనం చేయకూడని పని

కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా సాగే పగులు, చిటికెన వేలు దూరేంత వెడల్పు పగులు, నెలనెలా పెరుగుతున్న పగులు కనిపిస్తే ఇంజనీర్‌కి చూపించండి. పెరుగుతోందో లేదో తెలియాలంటే పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాసిపెట్టండి. ఇక స్లాబ్‌లోంచో, బీమ్‌లోంచో పెచ్చులూడి తుప్పు పట్టిన ఇనుము బయటపడితే, అది ప్లాస్టరింగ్‌తో కప్పిపెట్టే విషయం కాదు. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటునే నెడుతుంది. పైన ఎంత పూసినా అది రాలుతుంది, ఎవరి నెత్తి మీదైనా పడుతుంది.

ఏమేం కావాలి

తాపీ, ఉలి, సుత్తి, ఇనప తీగల బ్రష్, రుద్దడానికి పిడి ఉన్న చెక్క పలక, మాలు, అంటే సిమెంటూ ఇసుకా నీళ్లూ కలిపిన ముద్ద, కలపడానికి ఇనప తట్ట, పాత పెయింట్ బ్రష్, స్పాంజి ముక్క. సమంగా లాగడానికి వంకర లేని అల్యూమినియం బద్ద కావాలి. దెబ్బ కన్నా అడుగు పొడవుగా ఉంటే చాలు. ఫ్యాబ్రికేషన్ షాపులో మిగిలిన ముక్క అడిగితే తక్కువకే ఇస్తారు. కళ్లద్దాలు, మాస్కు, రబ్బరు గ్లవ్స్ విషయంలో మాత్రం పొదుపు చేయకండి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. ఆ మంట అప్పుడు తెలియదు, సాయంత్రానికి వేళ్ల సందుల్లో తెలుస్తుంది.

సిమెంటు బస్తా 50 కిలోలు. మీకు అంత అక్కర్లేదు. మూడడుగుల చదరానికి లోపలి గోడ మామూలు మందం 12 మిల్లీమీటర్లు లెక్కేస్తే తడి మాలు సుమారు 10 లీటర్లు పడుతుంది. అందుకు నాలుగు కిలోల సిమెంటు, పదకొండు పన్నెండు లీటర్ల ఇసుక సరిపోతాయి. హార్డ్‌వేర్ షాపుల్లో సిమెంటు కిలోల లెక్కన దొరుకుతుంది. కొనేముందు వేళ్లతో నలిపి చూడండి. నలిపినా చితకని గడ్డలుంటే అది గాలి తగిలి పాడైన సిమెంటు, ఊరికే ఇచ్చినా వద్దు. ఇసుక కోసం మీ వీధిలో ఇల్లు కడుతున్నవాళ్లని ఒక బకెట్ అడగండి. ఎవరూ కాదనరు.

ఇసుక నాణ్యత సీసాతో తెలుస్తుంది. గాజు సీసాలో సగం దాకా ఇసుక, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా గిలకొట్టి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక పైన మెత్తటి ఒండ్రు పొర పేరుకుంటుంది. ఆ పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే ఆ ఇసుకను కడిగి ఆరబెట్టి వాడాలి. లేకపోతే ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వల పరిచినట్టు పగుళ్లొస్తాయి. నది ఇసుక దొరక్కపోతే ప్లాస్టరింగ్ కోసమే సన్నగా జల్లించిన రోబో శాండ్, అంటే రాయిని నలగ్గొట్టి చేసిన ఇసుక, తెచ్చుకోవచ్చు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉండేవాళ్లకు ఒక మాట: సముద్రపు ఇసుక ఎంత సన్నగా, అందంగా కనిపించినా గోడకు వాడకండి. అందులోని ఉప్పు జీవితాంతం చెమ్మను పీలుస్తూనే ఉంటుంది.

డొల్ల భాగం గుర్తించి చెక్కడం

ఊడిన చోటు కంటికి కనిపించేదానికన్నా పెద్దది. స్క్రూడ్రైవర్ పిడితో గానీ, రూపాయి బిళ్లతో గానీ చుట్టూ తడుతూ పోండి. గట్టి గోడ ఖంగుమంటుంది. ఇటుకను వదిలేసిన చోట డొల్ల పలుకుతుంది. ఆ డొల్ల ఎక్కడ ఆగిందో అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీత లోపలిదంతా తీసేయాలి, బయటిదాన్ని ముట్టుకోకూడదు. భయపడి తక్కువ చెక్కితే కొత్త పూత పాత డొల్లతో కలిసి ఊడుతుంది. ఉత్సాహంగా ఎక్కువ చెక్కితే ఖర్చు పెరుగుతుంది.

చెక్కేముందు ఆ గదికి కరెంటు వెళ్లే ఎంసీబీ స్విచ్ ఆపేయండి. స్విచ్‌బోర్డ్ నుంచి కరెంటు పైపులు ఎక్కువగా నిలువునా పైకి వెళ్తాయి కాబట్టి బోర్డుకు సరిగ్గా పైనా కిందా ఉలి లోతుగా దించకండి. బాత్రూమ్ గోడలో కుళాయి పైపులతోనూ అదే జాగ్రత్త. నేల మీద పాత దుప్పటో ఫ్లెక్సీయో పరవండి. పాత పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి అంచుల్ని పొడిగా గీకి దుమ్ము లేపకుండా, తడిపి గీకండి. చిన్నపిల్లల్ని ఆ పూట వేరే గదిలో ఉంచండి.

ముందు సుద్దగీత వెంట ఉలితో అంచు కొట్టుకోండి. అంచు గుండ్రంగా, పల్చగా కాకుండా నిటారుగా తెగాలి. వీలైతే లోపలి వైపుకి కాస్త కోసుకుపోవాలి, అప్పుడు కొత్త మాలు ఆ సందులో ఇరుక్కుని పట్టు దొరుకుతుంది. తర్వాత మధ్యలోది ఇటుక కనిపించేదాకా తీసేయండి. ఇటుకల మధ్య వదులుగా ఉన్న పాత మాలును సెంటీమీటరు లోతు గీకేయండి. తీగల బ్రష్‌తో రుద్ది, దుమ్మంతా దులపండి. కాంక్రీట్ పిల్లరైతే నున్నగా ఉంటుంది. ఉలితో అంగుళానికొక గాటు చొప్పున గాట్లు పెట్టండి, లేకపోతే మాలు పట్టుకోదు. పిల్లరూ ఇటుకా కలిసే చోట, గీతకు రెండు వైపులా నాలుగేసి అంగుళాలు వచ్చేలా చికెన్ మెష్ (సన్నటి ఇనప తీగల వల) ముక్కను మేకులతో బిగించండి. ఇటుకా కాంక్రీటూ ఎండకు ఒకే తీరున వ్యాకోచించవు కాబట్టి మెష్ లేని పూత అక్కడే మళ్లీ చీలుతుంది.

ఉప్పు పట్టిన గోడైతే ఇక్కడ ఆగండి. తెల్ల పొడిని పొడి బ్రష్‌తో దులిపి, చేటలోకి ఎత్తి పారేయండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. గోడను అలాగే వదిలి, వారానికోసారి దులుపుతూ, ఉప్పు రావడం తగ్గేదాకా చూడాలి. ఎండాకాలం మొదట్లో చెక్కి, గాలి ఆడేలా వదిలేస్తే బాగా ఆరుతుంది. ఇటుకలు కనిపిస్తూ చూడ్డానికి బాగోదని తొందరపడేవాళ్లే రెండోసారి ఖర్చు పెడతారు.

మాలు కలపడం, పూయడం

పని ముందు రోజు రాత్రి ఇటుకను బాగా తడపండి. పొద్దున మొదలుపెట్టడానికి గంట ముందు మరోసారి తడపండి. పొడి ఇటుక మాలులోని నీటిని ఒక్కసారిగా పీల్చేస్తుంది, సిమెంటు గట్టిపడటానికి నీళ్లు మిగలవు. అలాగని నీళ్లు కారుతుండగా పూస్తే మాలు జారుతుంది. చేత్తో ముట్టుకుంటే చల్లగా తగలాలి, చెయ్యి తడవకూడదు.

సిమెంటు ఒక పాలు, జల్లించిన ఇసుక ఐదు పాళ్లు. బలంగా ఉంటుందని సిమెంటు ఎక్కువ వేయకండి. సిమెంటు ఎక్కువైన మాలు ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోయి పగులుతుంది, పక్కనున్న పాత పూత కన్నా గట్టిగా తయారై అంచుల దగ్గర విడిపోతుంది. ఒకే డబ్బాతో కొలవండి, కంటి లెక్క వద్దు. ముందు పొడిగానే మూడుసార్లు తిరగేసి, ఎక్కడా చారలు లేకుండా ఒకే రంగు వచ్చాక నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. మాలు గారెల పిండిలా ఉండాలి, తాపీ నుంచి కారిపోకూడదు. అరగంటలో వాడగలిగినంతే కలపండి. తట్టలో గట్టిపడటం మొదలైన మాలులో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచడం చాలా చోట్ల చూస్తాం. అలా చేసిన పూత ఆరాక గోరుతో గీకినా ఇసుక రాలుతుంది.

కొంచెం సిమెంటు నీళ్లలో చిక్కగా కలిపి, ఆ సిమెంటు పాలను బ్రష్‌తో ఇటుకకూ, పాత ప్లాస్టరింగ్ తెగిన అంచులకూ పట్టించండి. అది ఆరకముందే మాలు వేయాలి, ఆరిపోతే పట్టు పోగా అదే అడ్డు పొరవుతుంది. అందుకే ఒకేసారి మొత్తం పూయకుండా రెండడుగుల మేర పూసి, మాలు వేసి, తర్వాతి భాగానికి వెళ్లండి.

మాలును తాపీతో మెల్లగా అద్దకుండా విసిరి కొట్టాలి. ఆ విసురుకే లోపలి గాలి పోయి, మాలు సందుల్లోకి దూరుతుంది. మేస్త్రీల చేతిలో ఇది చూడ్డానికి తేలిగ్గా అనిపిస్తుంది. మొదట్లో మీకు సగం కింద పడుతుంది. పరిచిన గుడ్డ శుభ్రంగా ఉంటే పడింది వెంటనే ఎత్తి వాడుకోవచ్చు. విసరడం రాకపోతే తాపీ వీపుతో గట్టిగా నొక్కుతూ కింది నుంచి పైకి పూయండి. లోతు 15 మిల్లీమీటర్లు దాటితే రెండు పొరలుగా చేయాలి. మొదటి పొర వేసి, తాపీ మొనతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టి, మర్నాడు తడిపి రెండోది వేయండి. ఒకేసారి మందంగా వేస్తే దాని బరువుకే కిందికి జారి, పైన పగులుతుంది.

గుంట నిండాక బద్ద రెండు కొసలూ పాత గోడ మీద ఆనించి, రంపం కోసినట్టు అటూ ఇటూ ఆడిస్తూ కింది నుంచి పైకి లాగండి. ఎత్తు ఉన్నచోట గీకుకొస్తుంది, పల్లం ఉన్నచోట కనిపిస్తుంది. పల్లంలో మాలు కొట్టి మళ్లీ లాగండి. చివరికి కొత్త పూత పాత గోడ కన్నా ఒక మిల్లీమీటరు లోపలికే ఉండాలి, పుట్టీకి ఆ చోటు కావాలి. కాస్త గట్టిపడి, వేలు నొక్కితే కొద్దిగా మాత్రమే గుర్తు పడేటప్పుడు చెక్క పలకను గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. అంచుల దగ్గర తడి స్పాంజితో తుడిస్తే పాత గోడ మీద పడిన మాలు పోతుంది, అతుకూ కలిసిపోతుంది. ఇనప తాపీతో అద్దంలా నునుపు చేయకండి, పైన సన్నటి పగుళ్లొస్తాయి, పుట్టీ కూడా జారుతుంది.

నీళ్లు కొట్టడం

ఖర్చు లేని పనే, అయినా ఎక్కువమంది వదిలేసేది ఇదే. మర్నాటి నుంచి ఏడు రోజులు పూత ఎప్పుడూ తడిగా ఉండాలి. రోజుకు మూడు సార్లు మెల్లగా చల్లండి. ఎండాకాలమైతే నాలుగైదు సార్లు. ఆఫీసుకెళ్లేవాళ్లు పొద్దున తడిపి, దాని మీద పాలిథిన్ కవర్ టేపుతో అంటించి వెళ్లవచ్చు. చిన్న అతుకైతే తడి గోనెసంచి ఆనించినా సరిపోతుంది. ఆ వారం ఫ్యాన్ గాలి గోడకు నేరుగా తగలకుండా చూడండి. నీళ్లు అందని పూత రంగు బాగానే ఉంటుంది, నెలకు ఇసుక రాలడం మొదలవుతుంది.

పాత సున్నపు గోడలు, మట్టి గోడలు

గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. చెక్కినప్పుడు పూత తెల్లగా, మెత్తగా రాలితే అది సున్నమే. దానికి సిమెంటు మాలు అతకకండి. సున్నం గోడలోని చెమ్మను బయటికి వదులుతూ ఉంటుంది. మధ్యలో సిమెంటు పెచ్చు వేస్తే చెమ్మ దారి మళ్లి, అతుకు చుట్టూ ఉన్న మంచి పూతను కూడా ఊడదీస్తుంది. అక్కడ సున్నం, ఇసుక మాలే వాడాలి. కుదరకపోతే సిమెంటు ఒకటి, పొడి సున్నం ఒకటి, ఇసుక ఆరు పాళ్లలో కలపండి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, అద్దాలు తీయొద్దు.

నేల చెమ్మ ఎక్కే గోడలకూ నేను ఈ సున్నం కలిసిన మాలునే మంచిదంటాను. వాటి మీద వాటర్‌ప్రూఫ్ పూతలు పూసి లోపలి నుంచి మూసేస్తే చెమ్మ ఆగదు, ఇంకో రెండడుగులు పైకి ఎక్కుతుంది. బయట గోడ పక్కన మట్టి తగ్గించి, వాన నీళ్లు ఇంటికి దూరంగా పోయేలా వాలు చేసి, లోపల ఆ రెండు మూడడుగుల మేర ప్లాస్టిక్ పెయింట్ బదులు సున్నం వేయడం చవక, పైగా నిలుస్తుంది. మట్టి గోడకైతే సిమెంటు పట్టనే పట్టదు. బంకమట్టిలో సన్నగా తరిగిన వరిగడ్డి వేసి, నీళ్లతో కొన్నాళ్లు మాగబెట్టి పూయడమే సరైన పద్ధతి.

పుట్టీ, రంగు

నీళ్లు కొట్టడం ఆపాక కనీసం రెండు మూడు వారాలు గోడను ఆరనివ్వండి. కొత్త పూత ముదురు బూడిద రంగు పోయి, అంతా ఒకేలా లేత రంగుకు వస్తుంది. అప్పుడు పుట్టీ. చెమ్మ తగిలే అవకాశం ఏమాత్రం ఉన్నా పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) వద్దు, తెల్ల సిమెంటుతో చేసిన వాల్ పుట్టీయే తీసుకోండి. కిలో ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. పుట్టీ ఉన్నది నునుపు చేయడానికే, గుంటలు పూడ్చడానికి కాదు. రెండు పూతలూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. పూసేముందు గోడను కొద్దిగా తడపండి, మొదటి పూత ఆరాక రెండోది వేయండి, పూర్తిగా ఆరాక సన్న ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్దండి.

మేకు తీసిన చిన్న రంధ్రాలకైతే పై పనేదీ అక్కర్లేదు. వదులు పొడి దులిపి, తడిపి, పుట్టీ రెండు విడతలుగా నొక్కితే చాలు.

ప్రైమర్ తప్పకుండా వేయండి, లేకపోతే అతుకు మేర రంగు ఎక్కువ పీల్చుకుని మచ్చలా కనిపిస్తుంది. డబ్బాలో పాత రంగు మిగిలి ఉన్నా, గోడ మీద రంగు ఈ కొన్నేళ్లలో వెలిసిపోయి ఉంటుంది కాబట్టి అతుకు మీద మాత్రమే వేస్తే తేడా తెలుస్తుంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆ ఒక్క గోడకీ వేయండి. రెండు గోడలు కలిసే మూలలో తేడా కంటికి ఆనదు.

రంగు వేసేముందే ఒకసారి అతుకంతా రూపాయి బిళ్లతో తట్టి చూడండి. అంచు వెంట వెంట్రుకవాసి పగులు వచ్చి, శబ్దం గట్టిగానే ఉంటే ఉలి మొనతో దాన్ని కాస్త వెడల్పు చేసి, తడిపి, పుట్టీ నింపితే సరిపోతుంది. డొల్ల పలికితే మాత్రం మొహమాటపడకుండా ఆ భాగం తీసేసి మళ్లీ చేయండి. రంగు వేశాక తీయాల్సి వస్తే గోడంతా మళ్లీ రంగు వేయాలి, ఇప్పుడైతే పోయేది కిలో సిమెంటే.